వణుకుతూనే

పత్తి ఏరుతున్న గ్రేస్ సాలు మధ్యలో ఉన్నట్టుండి కూలబడింది. కాలు మెలికపడిందేమో అనుకున్నారు పక్క సాళ్లలోని ఆడవాళ్లు. లేపి నిలబెడితే మళ్లీ కూలింది. మోకాళ్ల కింద కాళ్లు తనవి కానట్టున్నాయని ఆమె చెబుతుంటే ఎవరికీ అర్థం కాలేదు. అంతకు కొన్నాళ్ల ముందే ఊరి చివర వాళ్ల కాలనీలో సగం ఇళ్లలో వాంతులూ విరేచనాలూ వచ్చిపోయాయి. గ్రేస్‌కూ వచ్చాయి, తగ్గాయి. ఆ నీరసమే అయ్యుంటుందని ఆమెను గట్టు మీద నీడలో పడుకోబెట్టారు. పొద్దు వాలేసరికి నడుము దాకా పట్టు తప్పింది. తెల్లారేసరికి చేతులు కూడా లేవలేదు.

ఊరు ఎర్రగుట్టపల్లి. కల్వకుర్తికి ఆటోలో పోయేంత దూరం. గ్రేస్ భర్త విజేందర్ ఆ దారిలోనే ఆటో నడుపుతాడు. ఆ ఆటోలోనే భార్యను పడుకోబెట్టి, పక్కన తన తల్లి బిక్షమ్మను కూర్చోబెట్టి దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు ఆమె మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. కాలు ఉలకలేదు. వెంటనే అంబులెన్సు పిలిపించి హైదరాబాదు పంపాడు.

అక్కడికి చేరేసరికి ఊపిరి అందడం కష్టమైంది. గొంతులో గొట్టం వేసి మిషను మీద ఊపిరాడించారు. గ్రేస్‌కు అన్నీ వినపడేవి. నర్సుల మాటలు, పక్క మంచం మీది మనిషి మూలుగు, అద్దం తలుపు అవతల విజేందర్ ఎవరితోనో ఫోన్లో ఏడవడం, అన్నీ. కానీ రెప్పలు తప్ప ఏదీ కదిలేది కాదు. ముక్కు మీద ఈగ వాలితే అది దానంతటది లేచి పోయేదాకా చూస్తూ పడి ఉండాలి. చచ్చిపోతానని ఆమెకు భయం వేయలేదు. ఇట్లాగే బతుకుతానేమోనని వేసింది.

మెల్లగా ఊపిరి వచ్చింది. తర్వాత మెడ, తర్వాత చేతులు, అన్నిటికంటే చివర కాళ్లు. గొట్టం తీసిన తర్వాత ఓ చిన్న వయసు డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని జరిగింది విడమరిచి చెప్పింది.

"కడుపులో పడిన క్రిమితో కొట్లాడబోయి మీ ఒళ్లు మీ నరాలనే కాల్చుకుందమ్మా. మళ్లీ మొలుస్తాయి. కానీ అన్నీ మొలవవు. నడుస్తారు. చేతులు వణకొచ్చు, కండలు వాటంతటవే ఎగరొచ్చు, పాదాలకు స్పర్శ తక్కువుండొచ్చు. ప్రాణానికి భయం లేదు." లేచిపోతూ ఆగి అడిగింది. "మీరు తాగే నీళ్లు ఎక్కడివి?"

"నల్లా నీళ్లే మేడమ్."

"మంచివేనా?"

 వానాకాలంలో ఆ నీళ్లు బిందెలో పడుతుంటే వచ్చే వాసన గ్రేస్‌కు గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చాక డాక్టరమ్మ చెప్పినవన్నీ ఒక్కొక్కటే నిజమయ్యాయి. కుడి పాదం పైకి లేవదు. నడుస్తుంటే చెప్పు జారిపోయేది, జారిన సంగతి కూడా ఆమెకు తెలిసేది కాదు. ఓసారి మరిగే నీళ్ల గిన్నె పక్కకు జరుపుతుంటే నీళ్లు పాదం మీద ఒలికాయి. బొబ్బ చూసి బిక్షమ్మ కేక పెడితే గానీ కాలిందని తెలియలేదు. పిక్కల్లో కండలు చర్మం కింద కప్పపిల్లల్లా ఎగిరేవి. మొదటిసారి అది చూసి బిక్షమ్మ "యేసయ్యా" అని గోడకు ఆనుకుంది. తర్వాత్తర్వాత అలవాటై, కోడలి కాలు ఎగురుతుంటే మాట ఆపకుండానే దాని మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకునేది.

అన్నిటినీ తట్టుకుంది కానీ చేతి వణుకు దగ్గర గ్రేస్ ఓడిపోయింది. ఊరికే ఒళ్లో పెట్టుకుంటే కుడిచేయి నిమ్మళంగానే ఉండేది. ఏదైనా అందుకోబోతే మొదలు. సూదిలో దారం ఎక్కించబోతే, చెంచా నోటి దాకా తేబోతే, పిన్నీసు పెట్టుకోబోతే. ఎవరైనా చూస్తే ఇంకా ఎక్కువ. ఊళ్లో సగం మంది ఆడవాళ్లకు జాకెట్లు కుట్టిన మనిషి ఆమె. కుట్టు మిషను మీద దుప్పటి కప్పి, దాని మీద బియ్యం మూట పెట్టింది.

ఓ రోజు కిరాణా దుకాణంలో ఉప్పు పొట్లం అందుకుంటుంటే చేతిలోంచి జారి పగిలింది. అక్కడ నిలబడ్డ వాళ్లలో ఎవరో అన్నారు.

"ఏంది గ్రేసూ, ఇయ్యాల కల్లు దొర్కలేదా?"

అందరూ నవ్వారు. ఆ పక్క ఊళ్లలో మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డవాళ్లు ఎందరో. ఓ పూట కల్లు దొరక్కపోతే వాళ్ల చేతులు ఇట్లాగే వణుకుతాయి. అందుకే ఆ మాట అతుక్కుంది. చర్చిలో కూడా ఆడవాళ్లు పక్కకు జరిగి చోటిచ్చేవారు, ఆ జరగడంలో తేడా ఆమెకు తెలిసేది. ప్రభువు బల్ల నాడు అందరికీ తిప్పే ద్రాక్షరసం గిన్నె తన దాకా వస్తే ఒలుకుతుందని ఆ ఆదివారాలు వెళ్లడం మానేసింది. కొంగు కింద చెయ్యి పెట్టుకుని నడవడం నేర్చుకుంది. గాజులు చప్పుడు చేస్తున్నాయని తీసేసింది.

"మంచిదేలే బిడ్డా," అంది బిక్షమ్మ. "నలుగుట్ల పోకు. అందరు జూస్తరు."

ఆమె ప్రేమగానే అంది. అదే గ్రేస్‌ను ఎక్కువ కుంగదీసింది.

మరుసటి వానాకాలం కాలనీలో మళ్లీ వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పక్కింటి స్నిగ్ధ అనే పిల్లను కళ్లు తేలేసిన స్థితిలో విజేందరే ఆటోలో తీసుకుపోయాడు. ఆటో సందు మలుపు తిరిగేదాకా గ్రేస్ వాకిట్లో నిలబడి చూసింది. తర్వాత చేతికర్ర తీసుకుని, ఎవరికీ చెప్పకుండా, నీళ్ల పైపు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో చూసుకుంటూ ట్యాంకు వైపు నడిచింది.

పైపు ఊరి పెద్ద వీధి గుండా తిన్నగా రావాలి. రాలేదు. పటేలు జంగారెడ్డి ఇంటి దగ్గరికి వచ్చేసరికి పక్కకు తిరిగి, వెనకవైపు మురికికాలవలో దిగి, కాలవ పొడుగునా పోయి కాలనీ దగ్గర పైకి లేస్తోంది. ఓ చోట పైపు అతుకు మీద చుట్టిన గుడ్డపేలికలు కనబడుతున్నాయి. వాటి మీదుగా నల్లటి నీళ్లు పారుతున్నాయి. గ్రేస్ కాలవ గట్టున చాలాసేపు నిలబడింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. కోపం వచ్చింది, అది కాళ్లలోకి బలంలా దిగింది.

అక్కణ్ణుంచి నేరుగా జంగారెడ్డి ఇంటికే వెళ్లింది. ఊళ్లో ఏ పని జరగాలన్నా ఆయన మాటే. పంచాయతీకి సర్పంచి లేక రెండేళ్లు కావస్తోంది, పదవి ఉన్నా లేకున్నా ఊరు ఆయన అరుగు మీదే నడుస్తుంది. పైపు వేసే రోజుల్లో ఆయన కొత్తగా గేటు పెట్టించి, దాని ముందు వీధి అడ్డంగా సిమెంటు పోయించాడు. అది తవ్వొద్దని పైపును పక్కకు తిప్పించాడు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

"పటేలా, పైపు మోరీల నుంచి పోతాంది. పోరగాండ్లు సస్తరు. సీదా తెప్పియ్యుండ్రి," అంది గ్రేస్.

ఆయన పేపరు మడిచి ఆమె చేతివంక చూశాడు. కొంగులోంచి బయటపడ్డ చేయి కర్ర మీద కొట్టుకుంటోంది.

"మా గేటు ముంగట తవ్వుడా?" నవ్వాడాయన. "ముందుగాల నీ చెయ్యి ఆపుకో. నీళ్ల సంగతి తర్వాత మాట్లాడుదాం."

అరుగు మీద ఉన్నవాళ్లు కూడా నవ్వారు. గ్రేస్ వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చేదాకా చేతిని కొంగులో పెట్టుకోలేదు. పెట్టుకోలేదన్న సంగతి ఇంటి గడప దగ్గర గుర్తించింది.

చలికాలంలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి ఎర్రగుట్టపల్లి సర్పంచి పదవి ఎస్సీ ఆడవాళ్లకు పడింది. జంగారెడ్డికి దాంతో పెద్ద ఇబ్బందేమీ రాలేదు. తన పొలంలో పనిచేసే భీమయ్య భార్య బాలనర్సమ్మను నిలబెడదామని తేల్చేశాడు. పోటీ లేకుండా ఏకగ్రీవం చేసుకుందామని పంచాయతీ ఆఫీసు ముందు అందరినీ కూడేశాడు. బాలనర్సమ్మ మంచి మనిషి. గ్రేస్ ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటుంది. గ్రేస్ దవాఖానలో ఉన్నన్నాళ్లూ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆమే. ఆ మీటింగులో ఆమె తల మీద కొంగు కప్పుకుని, పెళ్లికూతురిలా కింద చూస్తూ కూర్చుంది.

"అయితే అందరికి సమ్మతమే గద," అన్నాడు జంగారెడ్డి.

"నాకు సమ్మతం గాదు. నేను నిలబడుత," అంది గ్రేస్.

అందరి తలలూ తిరిగాయి. విజేందర్ జనం వెనక ఆటోలో కూర్చుని ఉన్నాడు. ఆ మాట విని దిగి నిలబడ్డాడు.

"ముందు మంచిగ నిలబడుడు రానియ్యి," అన్నాడొకడు వెనక నుంచి.

"కర్ర ఉంది గద," అంది గ్రేస్.

ఇంటికి వచ్చాక విజేందర్ అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"మనకెందుకే గీ లొల్లి? రేపు ఎవలన్న కూలికి పిలుస్తరా మనల్ని?"

"నన్ను ఇప్పుడు ఎవలు పిలుస్తున్నరయ్యా?"

"అందరు నవ్వుతరు గ్రేసూ. మైకుల పెట్టి నవ్వుతరు. నువ్వు తట్టుకోలేవు."

"నేనా, నువ్వా?"

అతను తలెత్తి చూశాడు. దవాఖానలో అద్దం అవతల ఏడ్చిన మొహమే మళ్లీ కనిపించింది ఆమెకు. మెత్తబడింది.

"సూడయ్యా, నేను గా మంచం మీద పడున్నప్పుడు ఈగను తోలుకునెటందుకు గూడ చెయ్యి లేవలే. గిప్పుడు లేస్తది. వణుకుతది, గానీ లేస్తది. లేసే చెయ్యిని కొంగుల పెట్టుకొని కూసోమంటవా?"

విజేందర్ అన్నం కలుపుకున్నాడు. మరుసటి రోజు సాయంత్రం ఎక్కణ్ణుంచో కిరాయికి మైకు తెచ్చి ఆటోకు కట్టాడు. చర్చికి పోయేవాళ్లే అయినా, కాలనీలో చాలామందికిలాగే గ్రేస్‌కూ కాగితాల మీద ఎస్సీ అనే ఉంది. నామినేషను నిలిచి, కత్తెర గుర్తు వచ్చింది. "కుట్టుపనామెకు కత్తెరే," అని కాలనీలో ఆడవాళ్లు మురిసిపోయారు.

విజేందర్ భయపడిందే జరిగింది. అవతలి పక్షం వాళ్లు ఓ జీపులో తిరుగుతూ, ఒక కుర్రాణ్ని పైన నిలబెట్టి చేయి గజగజ ఊపించారు. మైకులో ఒకడు అరిచేవాడు. "జెండా తాడు ఎవలు గుంజుతరు? సంతకం ఎవలు పెడ్తరు? కల్లు దుకాణం ఎవలకు గావాలె?" పిల్లలు జీపు వెంట పరుగెత్తుతూ తామూ చేతులు ఊపేవారు. గ్రేస్ ఇంటింటికీ తిరుగుతుంటే కొందరు ఆమె కళ్లలోకి కాకుండా చేతివంక చూస్తూ మాట్లాడారు. ఓ ముసలామె మాత్రం ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, "సల్లగున్నది బిడ్డా," అని తన శాలువా కప్పింది. అది వణుకు ఆపలేదు. కానీ ఆ వీధంతా గ్రేస్ కర్ర మీద బరువు వేయకుండా నడిచింది.

ఓ మధ్యాహ్నం ఆమె బయట బట్టలు పిండుకుంటుంటే బాలనర్సమ్మ వచ్చి పక్కన కూర్చుంది. గ్రేస్ చేతిలోని చీర కొస అందుకుని రెండో వైపు పిండింది.

"చెల్లే, నువ్వు వాపసు తీస్కుంటె మంచిదట. పటేలు చెప్పుమన్నడు," అంది.

"నువ్వేమంటవక్కా?"

"నేనేమంట. ఆయన జెప్పిండు, నేనొచ్చిన."

"నువ్వు గెలిస్తే పైపు మార్పిస్తవా?"

బాలనర్సమ్మ చీర పిండడం ఆపింది. దవాఖాన నుంచి బతికి వచ్చిన స్నిగ్ధ ఆమెకు మేనకోడలే.

"ఆయన మార్పియ్యనిస్తడా?"

"నువ్వు మార్పిస్తనంటే నేను ఇప్పుడే పక్కకు జరుగుత. యేసయ్య తోడు. గెలుసుడు నాకొద్దు, నీళ్లు గావాలె."

 బాలనర్సమ్మ చీర దులిపి తీగ మీద ఆరేసింది. "నాతోని గాదు చెల్లే," అని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది. వాపసు సంగతి మళ్లీ ఎత్తలేదు.

ప్రచారం చివరి రోజు గ్రేస్ ఆటో కిరాణా దుకాణం ముందు ఆగింది. జనం బాగానే చేరారు. సగం మంది వినడానికి, సగం మంది తమాషాకు. మైకు చేతికి తీసుకోగానే అది పెదవులకు తగిలి టకటకా మోగింది. నవ్వులు లేచాయి. గ్రేస్ మైకు కిందకు దించి చుట్టూ చూసింది.

"నాకు మైకు నిలువదు. ఎవలన్న పట్టుకోండ్రి."

ఎవరూ కదలలేదు. అప్పుడు బిక్షమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నలుగురిలోకి పోవద్దన్న అత్తే, కోడలి నోటి ముందు మైకు పట్టుకుని నిలబడింది. గ్రేస్ కొంగు భుజం మీదికి ఎగదోసి కుడిచేయి ముందుకు చాపింది. చలికి అది ఇంకా ఎక్కువగా ఊగుతోంది.

"సూడుండ్రి. మంచిగ సూడుండ్రి. ఇన్నొద్దులు కొంగుల దాసిన, ఇగ దాస. గీ చెయ్యి వణుకుతది. బువ్వ తినంగ వణుకుతది, జడ ఏస్కోంగ వణుకుతది. మీరు ఓటేసినా వణుకుతది, ఎయ్యకున్నా వణుకుతది. సర్పంచినైతే ఆగుతదని నేను జెప్ప. కల్లుకు వణుకుతదన్నరు. గిది కల్లుకు గాదు. నీళ్లకు. మోరీల పడి వచ్చే నల్లా నీళ్లకు. గా వానకాలం మీ ఇండ్లల్ల ఎవలెవలు పడ్డరో యాది జేస్కోండ్రి. అందరు లేసిండ్రు. నేను సగమే లేసిన. నేను లేసినంతన్న మీ పిల్లలు లేస్తరని ఎవలన్న రాసిస్తరా?"

నవ్వులు ఆగిపోయాయి. ఒకడు మాత్రం వదల్లేదు.

"గది సరే. సంతకం ఎట్ల జేస్తవ్?"

"వంకర జేస్త," అంది గ్రేస్ వెంటనే. "సంతకం వంకరుంటె ఏమైతది? సక్కటి సంతకాలతోనే గద పైపును వంకర తిప్పిండ్రు."

ఈసారి నవ్వు వేరే వైపు నుంచి లేచింది. ఆడవాళ్ల వైపు నుంచి. గ్రేస్ ఇంకా ఏదో చెప్పబోయింది. అంతలో పిక్కలో కండ గట్టిగా పట్టేసింది. కాలు ముడుచుకుపోయి, కర్ర జారి, మట్టిలో చతికిలబడింది. విజేందర్ ఉరికాడు. జనంలోంచి "అయ్యో" అన్నారు. ఆమె అతని చేతిని పట్టుకుంది కానీ లేవలేదు.

"ఆగు. నొప్పి పోనీ." పళ్లు బిగించి పిక్క నొక్కుకుంది. తర్వాత అత్త వైపు చూసింది. "మైకు కిందికి పెట్టు అత్తమ్మా. కూసోనే చెప్త."

బిక్షమ్మ కూడా పక్కన మట్టిలో కూర్చుంది. నిలబడ్డ జనంలో ముందున్నవాళ్లు వినపడక కూర్చున్నారు. వాళ్ల వెనకవాళ్లు కనబడక కూర్చున్నారు. దుకాణం ముందు అంతా కూర్చున్నాక గ్రేస్ పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి రావాలో, ఎవరి వాకిలి ముందు తవ్వాలో పేరు పెట్టి చెప్పింది.

పోలింగు రోజు మధ్యాహ్నం ఓట్లు అయిపోయాక బడిలోనే లెక్కపెట్టారు. గ్రేస్ లోపల కుర్చీలో కూర్చుని చేతిని తొడ కింద పెట్టుకుంది. దాచడానికి కాదు, అలసిపోయింది. మొదట్లో బాలనర్సమ్మ ముందుంది. పెద్ద వీధి ఓట్లు విప్పేకొద్దీ తేడా తగ్గింది. తగ్గుతుందని ఎవరూ అనుకోలేదు. చివరికి కొద్ది ఓట్ల తేడాతో కత్తెర గెలిచింది. ఆ వీధి ఓట్లు ఎవరివో ఎవరూ తేల్చలేకపోయారు. మురికికాలవ వాసన ఆ వీధి వెనకిళ్లకూ వస్తుంది మరి.

బాలనర్సమ్మ లేచి వచ్చి గ్రేస్ భుజం మీద చెయ్యి వేసింది. ఓడిపోయిన మనిషి మొహంలా లేదు ఆమెది, బరువు దించుకున్న మనిషి మొహంలా ఉంది.

వార్డు సభ్యుల్లో జంగారెడ్డి మనుషులే ఎక్కువ. తానూ ఓ వార్డు గెలిచి ఆయనే ఉపసర్పంచి అయ్యాడు. జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేయడానికి అందరూ పంచాయతీ ముందు చేరినప్పుడు, ఆయన తెల్లటి బట్టల్లో వచ్చి అందరికీ వినపడేలా అన్నాడు.

"అమ్మా సర్పంచీ, నువ్వు కొబ్బరికాయ కొట్టు. తాడు నేను గుంజుత. జెండా మర్యాద గద, మనకు అభాసుపాలు ఎందుకు?"

పొగమంచు ఇంకా విడలేదు. చలి కొరుకుతోంది. అట్లాంటి పొద్దున్న చెయ్యి అసలు మాట వినదు. గ్రేస్‌కు ఆ సంగతి తెలుసు. భయం కూడా వేసింది. బడి పిల్లలు వరసల్లో నిలబడి చూస్తున్నారు.

"తాడు ఇటియ్యి పటేలా," అంది.

తాడు పట్టుకుంది. చేయి ఊగితే తాడు ఊగింది, తాడు ఊగితే జెండా కర్రంతా సన్నగా అదిరింది. ఓసారి లాగింది. ముడి వీడలేదు. రెండోసారీ వీడలేదు. వరసలో ఓ పిల్లవాడు కిసుక్కున నవ్వితే టీచరు మందలించింది. జంగారెడ్డి ముందుకు అడుగు వేశాడు. గ్రేస్ ఆయన వంక చూడనేలేదు. తాడును మణికట్టు చుట్టూ చుట్టుకుని, చేతికర్ర వదిలేసి, ఒంటి బరువంతా వెనక్కి వేసి లాగింది. పైన మూట విచ్చుకుని బంతిపూల రెక్కలు ఆమె నెత్తి మీద, జంగారెడ్డి నెత్తి మీద రాలాయి. జెండా తెరుచుకుంది. వందనం చేయడానికి ఎత్తిన చేయి నుదుటి దగ్గర ఊగుతూనే ఉంది. పాట అయిపోయేదాకా దాన్ని దించలేదు.

తర్వాత మాట్లాడమన్నప్పుడు ఆమె చెప్పింది ఒక్కటే. వచ్చే వారం పెద్ద వీధిలో తవ్వకం మొదలు.

అనుకున్నంత తేలిగ్గా మొదలు కాలేదు. జంగారెడ్డి తన మనుషులను తీర్మానం చేసే మీటింగుకు రాకుండా ఆపాడు. ఒకసారి కాదు, మళ్లీ పిలిస్తే మళ్లీ ఆపాడు. గ్రేస్ కాలనీ ఆడవాళ్లను వెంటేసుకుని ఒక్కొక్క వార్డు సభ్యుడి ఇంటికి వెళ్లి, ఆ ఇంటి ఆడవాళ్ల ముందు సీసాలో పట్టిన నల్లా నీళ్లు పెట్టింది. "వదినా, గీ నీళ్లు మీ మనుమడికి తాపుతవా?" అని అడిగింది. ఆ తర్వాత మీటింగుకు రాని వాళ్లు తక్కువ. ఎండలు ముదరక ముందే పార పడింది.

గేటు ముందు సిమెంటు పగలగొట్టే పొద్దున జంగారెడ్డి బయటికి వచ్చి నిలబడ్డాడు. పనివాళ్లు గడ్డపారలు ఆపి గ్రేస్ వైపు చూశారు. వాళ్లలో భీమయ్య ఉన్నాడు, ఆ ఇంటి పొలంలోనే పనిచేసే మనిషి.

"ఎవలనడిగి తవ్వుతున్నరు?" అన్నాడు జంగారెడ్డి.

"ఊరినడిగి," అంది గ్రేస్. "మళ్ల గట్లనే సిమెంటు పోపిస్తం పటేలా. మీ కారుకు తిప్పలుండదు. నాల్గు దినాలు ఓర్సుకోండ్రి. మేము ఏండ్లు ఓర్సుకున్నం."

ఆయన ఆమె చేతివంక చూశాడు. అలవాటుగా ఏదో అనబోయాడు. వీధిలో గడపగడపకూ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఆయన లోపలికి వెళ్లి గేటు వేసుకున్నాడు. భీమయ్య అరచేతుల్లో ఉమ్మేసుకుని గడ్డపార ఎత్తాడు.

కొత్త పైపులో నీళ్లు వదిలిన రోజు కాలనీ చివరి నల్లా దగ్గర అందరూ మూగారు. మొదట ఎర్రటి మట్టినీళ్లు వచ్చాయి, తర్వాత బుసబుసమని గాలి, తర్వాత తేటనీళ్లు. బిక్షమ్మ వంగి వాసన చూసి తలాడించింది. స్నిగ్ధ ఓ స్టీలు గ్లాసు తెచ్చి నింపి సర్పంచికి ఇచ్చింది.

గ్రేస్ గ్లాసు అందుకుంది. చేయి ఎప్పటిలాగే ఊగింది. డాక్టరమ్మ చెప్పినట్టే అది తగ్గలేదు, తగ్గేలా కూడా లేదు. గ్లాసు నోటి దాకా వచ్చేసరికి సగం నీళ్లు గడ్డం మీదా, చీర మీదా పడ్డాయి. విజేందర్ చూడలేక మొహం అటు తిప్పుకున్నాడు. ఇంకొందరూ తిప్పుకున్నారు.

"ఎటు జూస్తున్నరు? ఇటు సూడుండ్రి," అంది గ్రేస్, తడిసిన గడ్డం తుడుచుకోకుండానే. మిగిలిన సగం తాగి, గ్లాసు స్నిగ్ధకు చాపింది. "మంచిగున్నయి. ఇంకో గ్లాసు పట్టు."